సర్వీస్ డాగ్‌తో విద్యార్థి హాస్టల్‌కు వస్తే: వార్డెన్లకు పూర్తి మార్గదర్శి

దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) సీటు ఖాయమైంది, పీహెచ్, అంటే దివ్యాంగుల కేటగిరీ. హాస్టల్ దరఖాస్తు చివరి గడిలో ఒక్క వాక్యం: "నాకు చూపు లేదు, నాతో గైడ్ డాగ్ వస్తుంది." నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఏ హాస్టల్ ఆఫీసులోనైనా ఈ ఫారం చూడగానే నోటికొచ్చే మాట ఒకటే, "కుక్కలకు పర్మిషన్ లేదు కదా!"

ఇలాంటి దరఖాస్తు మన దగ్గర అరుదే. గైడ్ డాగ్‌లకు శిక్షణ ఇచ్చే చోట్లు దేశం మొత్తం మీద చాలా తక్కువ. అయితే ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో దివ్యాంగులకు కనీసం 5 శాతం సీట్లు ఉండాలని చట్టమే చెప్తోంది. అన్నేపర్తిలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ కావచ్చు, బండమీదిపల్లిలోని పాలమూరు యూనివర్సిటీ కావచ్చు, ఊరి మధ్యలో ఉన్న డిగ్రీ కాలేజీ హాస్టల్ కావచ్చు, ఎవరో ఒకరు రావడం ఖాయం. వచ్చిన రోజు హడావిడి పడితే అటు విద్యార్థికీ ఇటు మీకూ టెన్షనే. అసలు పనంతా కుక్క గేటు దాటక ముందే ఉంది. అందులోనూ కుక్క కోసం చేసేది కొంచెమే. చుట్టూ ఉండే మనుషుల కోసం, వీధి కుక్కల కోసం చేసేదే ఎక్కువ.

ముందు ఇది పెంపుడు కుక్క కాదని ఒప్పుకోండి

సర్వీస్ డాగ్ అంటే ఒక మనిషి వైకల్యానికి సంబంధించిన పని నేర్చుకున్న కుక్క. చూపు లేనివారిని గుంతలు, మెట్లు, బండ్లు తప్పించి నడిపిస్తుంది. వినపడనివారికి తలుపు చప్పుడో, అలారమో మోగితే వచ్చి తట్టి చెప్తుంది. వీల్‌చైర్‌లో ఉన్నవారికి కింద పడిన పెన్ను అందిస్తుంది. చూపు లేని అమ్మాయి చేతికర్రను గేటు దగ్గర పెట్టి రమ్మని ఎవరూ అనరు. ఇదీ అంతే. కాబట్టి "పెంపుడు జంతువులు నిషిద్ధం" అన్న హాస్టల్ రూలు దీనికి వర్తించదని మీ ఫైలులో ఒక వాక్యం రాసి పెట్టుకోండి.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో సర్వీస్ జంతువులకు విడిగా నిర్వచనం లేదు. లేదు కాబట్టి కుదరదు అనడానికి మాత్రం వీల్లేదు. సంస్థ మీద మోయలేని భారం పడనంత వరకు, దివ్యాంగులు అందరితో సమానంగా ఉండడానికి కావలసిన మార్పులు చేయాలని ఆ చట్టం అంటుంది. అలాంటి మార్పు నిరాకరించడాన్ని వివక్ష కిందే లెక్కగడుతుంది. 16వ సెక్షన్ ఇదే బాధ్యతను నేరుగా విద్యా సంస్థల మీద పెడుతుంది. అందుకని దరఖాస్తును నోటి మాటతో తిప్పి పంపకండి. ఒప్పుకున్నా, ఏదైనా షరతు పెట్టినా కారణంతో సహా కాగితం మీద ఉండాలి.

ఏం అడగాలి, ఏం అడగకూడదు

అమెరికాలో చదివే మన పిల్లలు అక్కడి పద్ధతి చెప్తుంటారు. అక్కడి చట్టం ప్రకారం అవసరం ఏమిటో తెలియనప్పుడు రెండే ప్రశ్నలు అడగొచ్చు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా? ఇది ఏ పని చేయడానికి శిక్షణ పొందింది? కుక్కకు సర్టిఫికెట్ చూపించమనడం, పని చేయించి చూపమనడం కుదరదు. ఈ రెండు ప్రశ్నలూ మనకూ పనికొస్తాయి, అలాగే వాడుకోండి. టీకాల దగ్గర మాత్రం మెతకగా ఉండొద్దు. అక్కడైనా స్థానిక టీకా నిబంధనలు సర్వీస్ డాగ్‌లకూ వర్తిస్తాయి. రేబిస్ ఇంకా పోని మన ప్రాంతంలో వంద మంది పిల్లలుండే హాస్టల్‌కు ఆ కాగితం లేకుండా ఎలా?

కాబట్టి తీసుకోవలసినవి: యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) లేదా సదరం సర్టిఫికెట్ (రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన వైకల్య ధ్రువపత్రం) నకలు. కుక్క టీకాల పుస్తకం, అందులో రేబిస్ టీకా ఏడాది లోపుది అయి ఉండాలి, డిస్టెంపర్, పార్వో (కుక్కలకు వచ్చే వైరస్ జబ్బులు) టీకాలు కూడా ఉండాలి. నట్టల మందు, గోమార్ల మందు ఎప్పుడు వేశారో. శిక్షణ ఇచ్చినవారి ఉత్తరం ఉంటే మంచిదే, లేదని మాత్రం ఆపకండి. విద్యార్థికి ఒంట్లో బాగా లేకపోతే కుక్కను ఎవరు చూసుకుంటారో ఒక ఫోన్ నంబరు.

జబ్బు చరిత్ర, ఆసుపత్రి రిపోర్టులు, "పుట్టుకతోనేనా అమ్మా?" లాంటి పరామర్శలు వద్దు. అదనపు డిపాజిట్ అసలే వద్దు. తలుపో పరుపో పాడైతే మిగతా పిల్లల దగ్గర ఎలా వసూలు చేస్తారో ఇక్కడా అలాగే.

ఇంకో రకం దరఖాస్తు కూడా వస్తుంది. "నాకు యాంగ్జైటీ, మా పొమేరియన్ పక్కన లేకపోతే నిద్ర పట్టదు" అని. అమెరికాలో కూడా దీన్ని సర్వీస్ డాగ్‌గా చూడరు, అక్కడ నివాస గృహాల చట్టం (ఫెయిర్ హౌసింగ్ యాక్ట్) కింద వేరే లెక్క. దీన్ని ఎగతాళి చేయకండి, డాక్టర్ ఉత్తరం చూసి విడిగా తేల్చండి. రెండింటినీ ఒకే ఫారంలో కలిపితే మాత్రం చివరికి నష్టపోయేది గైడ్ డాగ్ ఉన్న పిల్లే.

గది

గ్రౌండ్ ఫ్లోర్, బయటి తలుపుకు దగ్గర, మెస్‌కు దూరం. వరండా చివరి గది అయితే ఇంకా నయం. కిటికీకి గట్టి జాలీ ఉండాలి, కోతులు చెయ్యి పెట్టలేనంత గట్టిది. పాలమూరు వైపు హాస్టళ్లలో కోతుల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మంచం పక్కన కుక్క కాళ్లు చాపుకుని పడుకునేంత ఖాళీ, గోడకు ఒక కొక్కెం, ఎలుకలు కొరకలేని మూత డబ్బా ఒకటి. ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. కుక్క రాత్రి గదిలోనే పడుకుంటుంది. బయట గేటు దగ్గర కట్టేస్తామంటే ఒప్పుకోకండి.

సింగిల్ రూం ఇస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ అమ్మాయి అడిగితే ఇవ్వండి. అడగకుండా విడిగా పెడితే మొదటి రోజే దూరం పెట్టినట్టవుతుంది. రూమ్మేట్‌ను వెతకండి, కానీ ముందు అడిగి, ఒప్పుకున్న వాళ్లనే ఇవ్వండి. కుక్క వెంట్రుకలతో ఆయాసం వచ్చేవాళ్లు ఉంటారు. చిన్నప్పుడు కుక్క కరిచి, ఇప్పటికీ కుక్కను చూస్తే వణికేవాళ్లు ఉంటారు. నమాజు చేసుకునే అమ్మాయికి కుక్క ఎంగిలి బట్టలకు తగిలితే ఇబ్బంది. ఇవేవీ సాకులు కావు. ఎవరికి ఇబ్బందో వాళ్లను వేరే వరండాకు మార్చండి, బాత్రూం వంతులు సర్దండి. ఒకరి కోసం ఇంకొకరి హక్కు తీసేయకుండా దూరంతో సర్దుకునే సమస్యే ఇది.

కాంపౌండ్: అసలు కష్టం ఇక్కడే

గైడ్ డాగ్‌కు మన క్యాంపస్‌లో పెద్ద గండం వీధి కుక్కలు. నాలుగైదు కుక్కలు మొరుగుతూ మీదికొస్తే ఎంత శిక్షణ ఉన్నా పని మీద ధ్యాస నిలవదు, పట్టీ పట్టుకున్న పిల్ల నడిరోడ్డు మీద దిక్కు తెలియక నిలబడుతుంది. కాబట్టి మెస్ వెనక్కి వెళ్లి చూడండి. మిగిలిన అన్నం, ఆదివారం చికెన్ బొక్కలు, విరిగిన గుడ్లు గోడ పక్కన కుప్ప పోస్తుంటారు. వీధి కుక్కలు, పందులు, కోతులు వచ్చేది అక్కడికే. ఆ కుప్పను ఆపకుండా ఇంకేం చేసినా లాభం లేదు. మూత డ్రమ్ములు పెట్టండి, రోజూ సాయంత్రం కల్లా ఎత్తించండి. గోడ కూలిన చోట కంచె వేయించండి.

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు విద్యా సంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి వీధి కుక్కలను తరలించాలని, మళ్లీ లోపలికి రాకుండా కంచెలు వేయాలని ఆదేశించింది. మున్సిపాలిటీకి ఉత్తరం రాసేటప్పుడు దీన్ని ప్రస్తావించండి. వీధి కుక్కలను కొట్టడం, వాటికి విషం పెట్టడం నేరం, ఆ పని ఎవరూ చేయకుండా చూసుకోవడం కూడా మీ బాధ్యతే.

ఇక్కడే ఒక మెలిక. వాచ్‌మన్ మిమ్మల్ని అడుగుతాడు చూడండి:

"సార్, కుక్కలు లోపల ఉండొద్దని కోర్టే చెప్పె. మల్ల ఈ కుక్కను ఎట్ల రానియ్యాలె?"

మంచి ప్రశ్నే. ఆ ఆదేశం వీధి కుక్కల గురించి. ఇది టీకాలు వేసుకుని, యజమానితో పట్టీ మీద నడిచే కుక్క. ఈ మాట నోటితో చెప్పి వదిలేస్తే రాత్రి డ్యూటీకి వచ్చే ఇంకో వాచ్‌మన్ గేటు తియ్యడు. గేటు రిజిస్టరు మొదటి పేజీలో ప్రిన్సిపాల్ సంతకంతో అతికించండి, కుక్క ఫోటోతో సహా. ఏ షిఫ్టు వాళ్లైనా అది చూసి తలుపు తీస్తారు.

తర్వాత దారి. కళ్లు మూసుకుని అని కాదు గానీ, వంగి మెల్లగా ఒకసారి హాస్టల్ నుంచి క్లాసు దాకా నడిచి చూడండి. మూత లేని మోరీ, ర్యాంపు మీద అడ్డంగా పెట్టిన బైకులు, మెడ ఎత్తులో వరండాలో కట్టిన దండెం. ఈ దండెం సంగతి ఎవరూ పట్టించుకోరు. సన్నటి నైలాన్ తాడు కుక్క తల మీదుగా పోతుంది, వెనక వచ్చే మనిషి మెడకు తగులుతుంది. వరండాలో దండేలు తీయించి, బట్టలు ఆరేసుకోవడానికి మేడ మీద చోటు చూపించండి.

కాలకృత్యాలకు చోటు

హాస్టల్ తలుపు నుంచి వంద అడుగుల లోపు, మెస్‌కూ తాగునీటి ట్యాంకుకూ దూరంగా, పదడుగుల చదరం. ఇసుకో సన్న కంకరో పోయించి, చుట్టూ ఇటుకల వరస పెడితే కాలితో గుర్తుపట్టడం సులువు. పక్కన నల్లా, మూత ఉన్న చెత్త డబ్బా. గైడ్ డాగ్‌లు చెప్పిన చోట, చెప్పిన వేళకు వెళ్లేలా నేర్చుకుని వస్తాయి. చూపు లేనివాళ్లు చేతికి కవర్ తొడుక్కుని తామే ఎత్తేస్తారు, అదీ శిక్షణలో భాగమే. స్వీపర్‌ మీద ఈ పని రుద్దకండి. డబ్బా ఖాళీ చేయడం వరకే వాళ్ల పని అని ముందే తేల్చి చెప్తే గొడవ ఉండదు.

మనుషులను సిద్ధం చేయడం

హాస్టల్ తెరిచిన వారంలో అందరినీ కూర్చోబెట్టి పావుగంట మాట్లాడండి. ఆ అమ్మాయి ఒప్పుకుంటే తనే చెప్తే ఇంకా మంచిది. ఒప్పుకోకపోతే పేరు ఎత్తకుండా మీరే చెప్పండి. చెప్పాల్సింది ఇంతే: హార్నెస్, అంటే వీపు మీద గట్టి పిడి ఉన్న పట్టీ, వేసుకున్నప్పుడు కుక్క డ్యూటీలో ఉన్నట్టు. పిలవొద్దు, ముద్దు చేయొద్దు, తిండి వేయొద్దు, ఎదురుగా నిలబడి సెల్ఫీ దిగొద్దు. మాట్లాడాలనుకుంటే మనిషితో మాట్లాడండి. సాయం చేయాలనిపిస్తే "సాయం కావాల్నా అక్కా?" అని అడగండి, చెయ్యి పట్టి లాగొద్దు, పట్టీ అసలే ముట్టొద్దు. నోటీసు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడింట్లోనూ పెట్టండి.

పిల్లలు వారంలో అలవాటు పడిపోతారు. పెద్దవాళ్లతోనే టైం పడుతుంది. మెస్‌లో వంట చేసే అమ్మ "గా కుక్క మెస్‌ల కొస్తే నేను వండ" అంటే, మీరు రూల్స్ చదవకండి. కుక్క వంటగదిలోకి రాదు, భోజనాల హాల్లో బల్ల కింద పడుకుంటుంది, ప్లేట్లు నాకదు అని చెప్పి, గోడ పక్క మూల బల్ల ఒకటి చూపించండి. నాలుగు రోజులు చూశాక ఆమెకే తెలుస్తుంది. అప్పుడు వచ్చే సమస్య వేరే: ప్రేమగా ఒక ముక్క వేస్తుంది.

ఆ ముక్క దగ్గర గట్టిగా ఉండాలి. ఉడికిన కోడి బొక్క చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తానికి చెరుపు, మన కూరల్లో అవి లేనివి ఎన్ని? పండుగనాటి సేమియా పాయసంలో కిస్‌మిస్, బర్త్‌డే కేకులో చాక్లెట్ రెండూ విషమే. మెస్ గోడ మీద ఈ ఐదూ పెద్ద అక్షరాలతో రాయించండి.

లెక్చరర్లకు, పరీక్షల విభాగానికి ఒక సర్క్యులర్ చాలు. క్లాసులో, పరీక్ష హాల్లో కుక్క బెంచీ కింద పడుకుంటుంది. కెమిస్ట్రీ ల్యాబ్ మాత్రం వేరు. యాసిడ్ ఒలికిన నేల దాని కాళ్లకు ప్రమాదం, అక్కడ బయట కూర్చోబెట్టే చోటు ముందే చూసుకోవాలి.

నీళ్లు, ఎండ

కుక్క తిండి విద్యార్థి ఖర్చే, మెస్ బిల్లులో కలపకండి. నీళ్లు మాత్రం హాస్టల్‌వే, అదీ మనుషులు తాగేవే ఇవ్వండి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఏం చేసిందో నల్లగొండ వాళ్లకు ఎవరూ చెప్పనవసరం లేదు. మనుషుల పళ్లనూ ఎముకలనూ పట్టిన ఆ జబ్బు పశువులనూ పట్టింది. మిషన్ భగీరథ నల్లా ఉంటే ఆ నీళ్లో, ఆర్వో ప్లాంటు నీళ్లో పోయండి, బోరు నీళ్ల బకెట్ వద్దు.

ఎండాకాలం ఇంకో పరీక్ష. నల్లగొండలో మే నెల ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, సెమిస్టర్ పరీక్షలు కూడా ఆ రోజుల్లోనే పడొచ్చు. చేతి వెనక భాగం సిమెంటు మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల మీద కుక్కను నడిపించకూడదు. క్లాసుకు నీడ దారి చూపండి, మధ్యాహ్నం పరీక్ష ఉంటే ఆటో ఏర్పాటు చేయండి. గదిలో కూలర్ కాకపోయినా ఫ్యాన్ తిరగాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ లైను ఆ గదికి ఉండాలి. కుక్క నోరు బాగా తెరిచి ఆగకుండా రొప్పుతూ, చొంగ చిక్కగా కారుస్తూ, నడవలేక తూలుతుంటే వడదెబ్బ. వెంటనే నీడకు తెచ్చి మామూలు నీళ్లు ఒంటి మీద పోసి ఫ్యాన్ పెట్టండి, ఐసు గడ్డలు వద్దు. పశువుల ఆసుపత్రికి ఫోన్ చేయండి. డాక్టర్ నంబరు, 1962 సంచార పశువైద్య సేవ నంబరు ఆఫీసులో రాసి ఉండాలి.

దీపావళి, వినాయక నిమజ్జనం, బతుకమ్మ రోజుల్లో పటాకులు, డీజే చప్పుడు ఉంటాయి. పండుగ ఆపమని ఎవరూ అడగరు. ఎప్పుడు, ఎక్కడో ముందు రోజు చెప్తే ఆ అమ్మాయి తన ఏర్పాటు తాను చేసుకుంటుంది. బాణసంచా ఆ వరండా దగ్గర కాల్చకుండా చూస్తే చాలు.

మొదటి వారం

అందరికంటే నాలుగైదు రోజులు ముందు రమ్మనండి. చాలామంది అనుకున్నట్టు కుక్కకు "లైబ్రరీకి పోదాం" అంటే దారి తెలిసిపోదు. దారి మనిషి మనసులో ఉండాలి, కుక్క ఆ దారిలో అడ్డంకులు తప్పిస్తుంది, అలవాటైన తలుపులు, మెట్లు చూపిస్తుంది. ఖాళీ క్యాంపస్‌లో గది నుంచి బాత్రూం, మెస్, క్లాసు, గేటు దాకా తిరిగి నేర్చుకునే టైం ఇవ్వండి. ఒక సీనియర్ అమ్మాయి తోడుగా నడిస్తే చాలు, ముందు నడిచి లాగకుండా పక్కన. అదే వారంలో రాత్రి పూట ఒకసారి అలారం మోగించి అందరూ బయటికి వచ్చే రిహార్సల్ చేయండి. మనిషీ కుక్కా కలిసే బయటికి రావాలి, "కుక్కను తర్వాత తెద్దాం" అనే మాట ఉండకూడదు.

కరిస్తే, గొడవైతే

శిక్షణ పొందిన కుక్క కరవడం చాలా అరుదు. అయినా ఎవరికైనా పన్ను దిగినా, గోరు గీసుకున్నా, ఏ కుక్కైనా సరే, ధారగా పడే నీళ్లతో సబ్బు రుద్ది 15 నిమిషాలు కడిగించి ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి. కుక్కకు టీకా ఉంది కదా అని మీరే తేల్చేయకండి, డాక్టర్ చెప్పాలి. కుక్క టీకా పుస్తకం నకలు వెంట ఇచ్చి పంపండి.

కుక్కను హాస్టల్ నుంచి పంపించమనడానికి రెండే కారణాలు సరైనవి: యజమాని చెప్పినా అదుపులోకి రాకపోవడం, గదిలోనో వరండాలోనో పదే పదే మలమూత్రాలు పోయడం. అప్పుడు కూడా కుక్కను పంపుతారు, విద్యార్థి సీటు, గది పోవు. "ఎవరికో నచ్చలేదు", "పేరెంట్ ఒకాయన ఫోన్ చేసిండు" లాంటివి కారణాలు కావు. తేలకపోతే కాలేజీ ఫిర్యాదుల అధికారికి రాసివ్వమనండి. ప్రభుత్వ సంస్థల్లో ఆ అధికారి ఉండాలని 2016 చట్టం 23వ సెక్షన్ చెప్తోంది. ఎవరో ఆ అధికారి, ముందు మీకు తెలిసి ఉండాలి.

సెలవులు, తర్వాతి ఏడాది

దసరాకో వేసవికో గది ఖాళీ అయినప్పుడే గోమార్ల మందు కొట్టించండి, మందు పూర్తిగా ఆరాకే తాళం ఇవ్వండి. ఆ గదిని సెలవుల్లో వేరే వాళ్లకు ఇవ్వకండి, మంచాలు జరిగితే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తుంది. గైడ్ డాగ్‌లు సాధారణంగా ఎనిమిది, పదేళ్ల వయసు వచ్చేసరికి రిటైర్ అవుతాయి, చదువు మధ్యలో కూడా కావచ్చు. కొత్త కుక్క దొరికే దాకా ఆ అమ్మాయి కర్రతో నడుస్తుంది. కుక్క లేదు కదా అని ఆ నెలల్లో గ్రౌండ్ ఫ్లోర్ గదిని ఇంకొకరికి రాయకండి. కొత్త కుక్క వచ్చాక టీకా పుస్తకం నకలు, ఫోటో మార్చి గేటు రిజిస్టరులో కొత్త పేజీ అతికించండి.